ముట్టని సొమ్ము ముట్టిందని సంతకం పెట్టకండి

ప్రశ్న: నాకు 42 ఏళ్లు. వనస్థలిపురంలో అమ్మానాన్నల ఇంటికి రెండు వీధుల అవతల ఉంటాం. ఇరిగేషన్ శాఖలో చేసి రిటైరైన మా నాన్న ఐదు నెలల కిందట గుండెపోటుతో పోయారు. అన్నయ్య డాలస్‌లో ఉంటాడు. నాన్న 2018లో తన చేత్తో తెల్లకాగితం మీద వీలునామా రాశారు. రిజిస్టర్ చేయించలేదు. ఇల్లు అమ్మ బతికినంతకాలం అమ్మది, ఆ తర్వాత మా ఇద్దరికీ సమానం అన్నారు. నల్గొండ జిల్లాలో తాతగారి నాటి రెండెకరాల పది గుంటలు అన్నయ్యకు అని రాశారు. బ్యాంకు డబ్బు మాట అందులో లేదు. ఇద్దరు సాక్షుల్లో పక్కింటి అంకుల్ పోయారు. నాన్న ఆఫీసు స్నేహితుడు ఒకాయన హనుమకొండలో ఉన్నారు, 78 ఏళ్లు. ఒక బ్యాంకులో 18 లక్షల డిపాజిట్లకు అన్నయ్య నామినీ. ఇంకో బ్యాంకు సేవింగ్స్‌లో 6 లక్షలు ఉన్నాయి, నామినీ లేరు. అక్కడ ప్రొబేట్ తెమ్మన్నారు. తెలిసినవాళ్లు చూపించిన లాయరు కూడా ప్రొబేట్ తప్పదు, ఆస్తి విలువలో 4 శాతం ఫీజు అన్నారు. ఈలోగా అన్నయ్య వాట్సాప్‌లో హక్కు విడుదల పత్రం పంపాడు. ‘ఊరికే ఫార్మాలిటీ, సంక్రాంతికి వచ్చినప్పుడు సంతకం పెట్టేయ్’ అంటున్నాడు. అందులో నాకు రావాల్సింది ముట్టిందని ఉంది. నాకేమీ ముట్టలేదు. పైగా నాన్న క్రెడిట్ కార్డు బాకీ అంటూ అమ్మకు రోజూ ఫోన్లు. అన్నయ్యతో మాట చెడుతుందని భయం, సంతకం పెట్టాలన్నా భయం. నిద్ర పట్టడం లేదు.

సమాధానం:

అమ్మా, ముందుగా ఒక మాట. ఆ విడుదల పత్రం మీద ఇప్పుడు సంతకం పెట్టకండి. అన్నయ్య చెడ్డవాడని కాదు. వాళ్ల స్నేహితుడెవరో ఇచ్చిన నమూనాలో పేర్లు మార్చి పంపి ఉంటాడు. అలాంటి పత్రాలు నేను వారానికి ఒకటైనా చూస్తాను. కానీ హక్కు విడుదల పత్రం ఒకసారి రిజిస్టర్ అయితే వెనక్కి తీసుకోవడం చాలా కష్టం. మోసం జరిగిందనో, ఒత్తిడి పెట్టారనో కోర్టులో రుజువు చేయాలి. ‘నాకు ముట్టవలసిన సొమ్ము ముట్టినది’ అని మీ సంతకం పైనే ఉంటే, ముట్టలేదని చెప్పుకోవాల్సిన భారం మీ మీద పడుతుంది. ఆ వాక్యం దాటి ఇంకో పేజీ తిప్పి ఆస్తి షెడ్యూలు చూడండి. సాధారణంగా అక్కడే ఉంటుంది అసలు సంగతి. పొలం ఒక్కటే రాశారా, కింద ఇల్లు, డిపాజిట్లు కూడా చేర్చారా? ఇల్లు చేర్చి ఉంటే, నాన్నగారు మీకు రాసిన సగం కూడా మీరే వదిలేసినట్టవుతుంది.

ఇక ప్రొబేట్. ఈ మాట వినగానే అందరికీ టెన్షన్. వీలునామా నిజమైనదేనని కోర్టు పరిశీలించి ముద్ర వేసి ఇచ్చే కాపీయే ప్రొబేట్. మన దగ్గర వీలునామాలకు ఇప్పటికీ వాడే చట్టం 1925 నాటిది. అందులో 213వ సెక్షన్ కింద హిందువుల వీలునామాలకు ప్రొబేట్ తప్పనిసరి చేసింది బెంగాల్‌లోనూ, మద్రాసు, బొంబాయి నగరాల్లోనూ. ఆ రెండు నగరాలూ బ్రిటిష్ వాళ్ల హైకోర్టులు నేరుగా విచారణ చేసిన చోట్లు. హైదరాబాద్ అప్పుడు నిజాం పాలనలో ఉంది. ఆ పట్టికలో మన ఊరు ఏనాడూ లేదు. ఇప్పుడైతే 2025 డిసెంబరులో పార్లమెంటు ఆ సెక్షన్‌నే తీసేసింది. కాబట్టి వనస్థలిపురం ఇంటికీ, నల్గొండ పొలానికీ ప్రొబేట్ తప్పనిసరి అన్న మాట సరి కాదు. రేపు ఎవరైనా ఈ వీలునామా దొంగది అంటే అప్పుడు ప్రొబేట్ తెచ్చుకోవడం మంచి ఆయుధం. మీ ఇంట్లో ఇప్పటికి ఎవరూ ఆ మాట అనలేదు.

వీలునామా రిజిస్టర్ కాకపోయినా చెల్లుతుంది. రాసినాయన సంతకం, ఆ సంతకం చూసి సంతకం చేసిన ఇద్దరు సాక్షులు ఉంటే చాలు. అసలు కాగితం ఎక్కడుందో చూసి ముందు దాన్ని కాపాడండి. దయచేసి లామినేషన్ చేయించకండి. చాలామంది జాగ్రత్త అనుకుని ఆ పని చేస్తారు. తర్వాత చేతిరాత, సిరా పరీక్షకు పంపాల్సి వస్తే ఆ ప్లాస్టిక్ పొరే అడ్డం. పిన్ను గుచ్చొద్దు, మడత మీద టేపు అంటించొద్దు. పారదర్శకంగా ఉండే ఫైలు కవర్లో పెట్టి, ఎవరికి చూపించినా జిరాక్స్ మాత్రమే ఇవ్వండి. లాయరుకైనా అంతే. అసలు కాగితం ఇవ్వక తప్పని రోజున చేతిరాతతో రసీదు తీసుకోండి.

నాలుగు శాతం అడిగిన లాయరు గురించి చెప్పాలి. కేసు ఫలితం మీద ఆధారపడే ఫీజు గానీ, వచ్చిన ఆస్తిలో వాటా గానీ మాట్లాడుకోకూడదని బార్ కౌన్సిల్ నియమాల్లోనే ఉంది. ఇదే వృత్తిలో ఉన్న మనిషిగా ఈ మాట నాకు బాధగా ఉన్నా చెప్పక తప్పదు: ఆస్తి విలువ చూసి ఫీజు చెప్పేవాళ్ల దగ్గరికి వెళ్లకండి, పని చూసి చెప్పేవాళ్ల దగ్గరికి వెళ్లండి. కుటుంబ ఒప్పందం రాయడానికి ఎంత, బ్యాంకుకు లేఖ రాయడానికి ఎంత, కోర్టుకు వెళ్లాల్సి వస్తే ఎంత అని విడివిడిగా కాగితం మీద రాయించుకోండి. అసలు ఫీజు లేకుండా కూడా సలహా దొరుకుతుంది. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. మీకూ ఉంది, మీ అమ్మగారికీ ఉంది. మనం మాటవరసకు హైదరాబాద్ అంటాం కానీ వనస్థలిపురం రంగారెడ్డి జిల్లా కింద వస్తుంది. మీరు వెళ్లాల్సింది పురానీ హవేలీ సిటీ సివిల్ కోర్టుకు కాదు, ఎల్బీ నగర్‌లోని జిల్లా కోర్టులకు. అక్కడి జిల్లా న్యాయ సేవాధికార సంస్థను అడగండి. ముందు ఫోన్‌లో మాట్లాడాలంటే 15100 నంబరు ఉంది.

ఇప్పుడు ఆస్తులు ఒక్కొక్కటీ చూద్దాం. పొలం సంగతి కాస్త ఓపిగ్గా చదవండి, ఎక్కువమంది తప్పు చేసేది అక్కడే.

‘తాతగారి నాటి పొలం’ అని రాశారు. తాత నుంచి వచ్చిందంతా పిత్రార్జితం అనుకుంటాం. చట్టం అలా చూడదు. ఆ పొలం మీ తాతగారు సొంతంగా కొనుక్కున్నదై, ఆయన 1956లో హిందూ వారసత్వ చట్టం వచ్చాక పోయి, వారసత్వంగా మీ నాన్నగారికి వస్తే, అది నాన్నగారి సొంత ఆస్తి కిందే లెక్క. 1986లో సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చింది. అలాంటప్పుడు ఆయన దాన్ని అన్నయ్యకు రాయొచ్చు, మీరు కాదనలేరు. అలా కాకుండా అది ముత్తాతల నుంచి ఉమ్మడిగా వస్తూ, అన్నదమ్ముల పంపకంలో నాన్నగారి వాటాకు పడ్డదైతే, అందులో మీకు పుట్టుకతోనే హక్కుంది. ఆ హక్కు మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ దేశంకన్నా ముందే ఇచ్చింది. 1986లో చేసిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చింది, అప్పటికి పెళ్లికాని కూతుళ్లకు వర్తించింది. అప్పుడు మీరు పసిపిల్ల. తర్వాత 2005లో కేంద్రం పెళ్లయినా కాకపోయినా కూతుళ్లందరికీ ఇచ్చింది. 2020లో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు, 2005 నాటికి తండ్రి బతికి ఉండాలన్న షరతు కూడా లేదని చెప్పింది. అంటే పొలం ఈ రెండో రకమైతే నాన్నగారు వీలునామాలో రాయగలిగింది తన వాటా వరకే. వేరే వాటాదారులు లేకపోతే మూడింట ఒక వంతు మీది. అది మీరు ఇష్టపడి అన్నయ్యకు వదులుకోవచ్చు. కానీ తెలిసి వదులుకోవడం వేరు, తెలియక పోగొట్టుకోవడం వేరు.

ఏ రకమో తేలాలంటే పాత పహాణీలు (పొలం ఎవరిదో, ఎవరు సాగుచేశారో రాసే రెవెన్యూ లెక్కలు), అన్నదమ్ముల పంపకం కాగితం, పట్టాదారు పాస్‌బుక్ చూడాలి. మీ పెదనాన్నో బాబాయో ఊళ్లో ఉంటే వాళ్ల ఇంట్లో ఆ పంపకం కాగితం జత దొరుకుతుంది. విరాసత్, అంటే పొలాన్ని వారసుల పేరు మీదికి మార్చే పని, తహసీల్దారు ఆఫీసులో. భూ రికార్డులకు 2020లో వచ్చిన ధరణి పోయి, 2025 ఏప్రిల్ 14 నుంచి భూభారతి వచ్చింది. ఇందులో వారసులకు నోటీసులిచ్చి విచారణ చేశాకే పేరు మారుస్తారు. తహసీల్దారు ఆర్డరు మీద ఆర్డీఓ దగ్గర అప్పీలు కూడా ఉంది. మీ పేరున నోటీసు వస్తే పక్కన పడేయకండి. ఒప్పుకుంటున్నా రాతపూర్వకంగా చెప్పండి, ఒప్పుకోకపోయినా అంతే.

18 లక్షల డిపాజిట్లకు అన్నయ్య నామినీ కాబట్టి ఆ డబ్బు అన్నయ్యదే అనుకుంటున్నారేమో. కాదు. నామినీ అంటే బ్యాంకు దగ్గర డబ్బు అందుకునే మనిషి. అందుకున్నది వారసుల కోసం. ఎల్ఐసీ పాలసీ మీద 1984లో శర్బతీ దేవి కేసులో, షేర్ల మీద 2023లో శక్తి యెజ్దానీ కేసులో సుప్రీంకోర్టు ఇదే మాట చెప్పింది. బ్యాంకు డబ్బు మాట వీలునామాలో లేదు కాబట్టి దానికి హిందూ వారసత్వ చట్టం వర్తిస్తుంది. అమ్మ, అన్నయ్య, మీరు తలా మూడో వంతు. ఒక్క ప్రశ్న. నాన్నగారు పోయేనాటికి మీ నానమ్మ బతికి ఉన్నారా? ఉత్తరంలో రాయలేదు. ఉంటే ఆమె కూడా మొదటి వరుస వారసురాలే, అప్పుడు నాలుగు వాటాలు.

6 లక్షల ఖాతా దగ్గర బ్యాంకువాళ్లు ప్రొబేట్ అన్నారంటే కౌంటర్లో ఉన్న మనిషికి కొత్త నిబంధనలు చేరలేదు. 2025 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశాల ప్రకారం, నామినీ లేని ఖాతాల్లో వారసుల మధ్య గొడవ లేనప్పుడు వాణిజ్య బ్యాంకులు 15 లక్షల వరకు కోర్టు కాగితాలు అడగకుండా సులువు పద్ధతిలో చెల్లించాలి. క్లెయిమ్ ఫారం, ఇండెమ్నిటీ బాండు (తర్వాత బ్యాంకుకు నష్టం వస్తే మీరు భరిస్తామనే హామీ పత్రం), మిగతా వారసుల నిరభ్యంతర పత్రం అడుగుతారు. వీలునామా ఉందా అని కూడా అడుగుతారు. దాచకండి. కాపీ చూపించి ఈ ఖాతా అందులో లేదని చెప్పండి. కాగితాలన్నీ ఇచ్చాక 15 రోజుల్లో తేల్చాలి. వద్దంటే ఎందుకు వద్దంటున్నారో రాసివ్వమనండి. రాసివ్వమనగానే చాలా చోట్ల మాట మారుతుంది. అప్పటికీ కదలకపోతే బ్యాంకుకు ఫిర్యాదు పెట్టి, 30 రోజులు చూసి, బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు. దానికి ఫీజు లేదు.

పేర్ల దగ్గర జాగ్రత్త. మా నాన్నగారు పోయినప్పుడు మాకు నాలుగు నెలలు పట్టింది దీనికే. మరణ ధ్రువపత్రంలో ఇంటిపేరు పూర్తిగా ఉంది, ఒక బ్యాంకు పుస్తకంలో పొడి అక్షరం ఉంది, ఇంటి దస్తావేజులో పేరు చివర ‘రావు’ ఉంది, ఆధార్‌లో లేదు. ముగ్గురు మనుషులైపోయారు ఆయన. అమ్మ ప్రతిసారీ కౌంటర్ ముందు నిలబడి ‘ఇవన్నీ ఆయనే బాబూ’ అని చెప్పేది. నేను లాయర్నై ఉండీ మూడోసారి వెళ్లేదాకా ఆ తేడా పట్టించుకోలేదు. మీరు ముందే అన్ని కాగితాలూ టేబుల్ మీద పరిచి పేరు అక్షరం అక్షరం పోల్చండి. తేడాలుంటే అన్నీ ఒకరే అని నోటరీ దగ్గర ఒకే అఫిడవిట్ చేయించి కాపీలు తీయించండి. మరణ ధ్రువపత్రంలోనే తప్పుంటే మున్సిపల్ ఆఫీసులో ఇప్పుడే దిద్దించండి. అలాగే మీసేవలో దరఖాస్తు పెట్టి తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం తీసుకోండి. ప్రతి చోటా అడుగుతారు.

ఇల్లు నాన్నగారి సంపాదనతో కొన్నదైతే పంచుకోవాల్సిందేమీ ఇప్పుడు లేదు. అమ్మగారు ఉంటారు, అంతే. ఆస్తిపన్ను, కరెంటు మీటరు అమ్మ పేరు మీదికి మార్పించండి. పన్ను రసీదులో పేరు మారినంత మాత్రాన హక్కు రాదు, పోదు, అది మున్సిపాలిటీ లెక్క కోసమే. ‘బతికినంతకాలం’ అని భార్యకు రాసిన వీలునామాల మీద, అది పరిమిత హక్కా, పూర్తి హక్కా అని కోర్టుల్లో ఏళ్లుగా వాదనలు నడుస్తున్నాయి. అందుకే నా సలహా, ముగ్గురూ కలిసి ఒక కుటుంబ ఒప్పందం రాసుకుని రిజిస్టర్ చేయించండి. ఇంట్లో ఉండే హక్కు అమ్మగారిదని, ఆమె ఒప్పుకోకుండా అమ్మడానికి గానీ తాకట్టు పెట్టడానికి గానీ వీల్లేదని స్పష్టంగా రాయండి. పొలం ఎవరికి, దానికి బదులుగా ఎవరికి ఎంత అన్నదీ అందులోనే రావాలి. డబ్బు చేతులు మారితే చెక్కు నంబరు, తేదీతో సహా ఉండాలి. ‘ముట్టినది’ అన్న మాట ఆ చెక్కు మీ ఖాతాలో పడ్డాకే రాయాలి. ముగ్గురూ ఒప్పుకుంటే ఎల్బీ నగర్‌లో కేసు వేయకముందే లోక్ అదాలత్‌లో కూడా పెట్టుకోవచ్చు. కోర్టు ఫీజు ఉండదు. అక్కడ వచ్చిన అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. అప్పీలు లేదు కాబట్టే ప్రతి వాక్యం చదివి ఒప్పుకోండి.

అన్నయ్య సంక్రాంతికి రాలేకపోతే అక్కడి నుంచి పవర్ ఆఫ్ అటార్నీ పంపొచ్చు. ఇండియన్ కాన్సులేట్‌లో ధ్రువీకరించాలి, లేదా అక్కడి నోటరీ చేసి అపోస్టిల్ (వేరే దేశంలో చెల్లడానికి అక్కడి ప్రభుత్వం వేసే ముద్ర) వేయించాలి. ఇక్కడికి చేరిన మూడు నెలల్లో స్టాంపు డ్యూటీ కట్టించాలి. అన్ని పనులకూ కలిపి కాకుండా ఈ ఒప్పందం వరకే అని రాయించమనండి. ఇంకో సంగతి, నాన్నగారు బతికుండగా ఎవరికైనా జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) ఇచ్చి ఉంటే మామూలుగా అది ఆయనతోనే ముగిసింది. దాన్ని పట్టుకుని సంతకాలు పెట్టడం నేరం దాకా వెళ్తుంది. ఆయన ఏటీఎం కార్డుతో డబ్బు తీయడం కూడా ఆపేయండి. ఇప్పటికే ఆసుపత్రి బిల్లుకో దినకర్మలకో తీసి ఉంటే తేదీ, మొత్తం ఒక నోట్‌బుక్‌లో రాసి ముగ్గురూ చూసేలా పెట్టండి. ఆయన పోయాక పడ్డ పింఛను ఉంటే తాకొద్దు, ట్రెజరీ వాళ్లు వెనక్కి తీసుకుంటారు. అమ్మగారి ఫ్యామిలీ పెన్షన్‌కు ఇంకా అప్లై చేయకపోతే మిగతావన్నీ ఆపి ఆ పని ముందు చేయండి.

క్రెడిట్ కార్డు ఫోన్లకు అమ్మగారు భయపడాల్సిన పని లేదు. తండ్రి బాకీకి వారసులు ఆయన నుంచి తమకు వచ్చిన ఆస్తి మేరకే బాధ్యులు. సొంత జీతం, అమ్మ పింఛను ఇవ్వనక్కర్లేదు. ఫోన్‌లో ఏదీ ఒప్పుకోవద్దు, బాకీ వివరాలు రాతలో పంపమనండి. పొద్దున 8 కంటే ముందు, సాయంత్రం 7 తర్వాత ఫోన్ చేయకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది. నిజంగా బాకీ ఉందని తేలితే పంపకానికి ముందే బ్యాంకు డబ్బులోంచి తీర్చేయండి. వారసత్వ పన్ను ఉంటుందేమో అని కూడా చాలామంది అడుగుతారు. మన దేశంలో అలాంటిది 1985లోనే రద్దయింది. నాన్నగారి చివరి ఇన్‌కంటాక్స్ రిటర్న్ మాత్రం వారసుల్లో ఒకరు పోర్టల్‌లో నమోదు చేసుకుని వేయాలి.

అన్నయ్యకు ఎలా చెప్పాలని మీ అసలు దిగులు. నేనైతే ఇలా చెప్తాను: ‘అన్నయ్యా, సంతకం పెట్టనని అనట్లేదు. నాన్న రాసింది రాసినట్టు జరగాలి, అమ్మకు ఇబ్బంది రాకూడదు. నువ్వు పంపిన కాగితంలో నాకు డబ్బు ముట్టిందని ఉంది, అది నిజం కాదు కదా. మనం ముగ్గురం కూర్చుని మన కాగితం మనం రాసుకుందాం.’ వాట్సాప్‌లో పెట్టకండి, ఫోన్ చేసి చెప్పండి. అమ్మగారిని పక్కన కూర్చోబెట్టుకోండి. ఇంతవరకూ ఆమెను ఎవరూ ఏం కావాలని అడిగినట్టు మీ ఉత్తరంలో కనపడలేదు.

చివరిగా, హనుమకొండలో ఉన్న ఆ పెద్దాయన. ఎప్పుడైనా వీలునామా రుజువు చేయాల్సి వస్తే సాక్షుల్లో ఒకరైనా కోర్టులో చెప్పాలి. బతికున్నది ఆయనొక్కరే. ఆయనకు 78 ఏళ్లు. ఆ రోజు నాన్నగారు ఏ గదిలో కూర్చుని రాశారు, ఎవరు ముందు సంతకం చేశారు, పెన్ను ఎవరిది, ఇవన్నీ ఆయనకు గుర్తున్నంతవరకు చెప్పించి, ఆయన ఒప్పుకుంటే అఫిడవిట్‌గా రాయించి, అక్కడే నోటరీ చేయించుకోండి. కోర్టులో అది ఆయన నోటిమాటకు బదులు కాదు, కానీ ఆయన జ్ఞాపకం తేదీతో సహా కాగితం మీద ఉంటుంది. సంక్రాంతి దాకా ఆగొద్దు, ఈ ఆదివారమే వెళ్లండి. వీలైతే అమ్మగారిని కూడా తీసుకెళ్లండి. నాన్నగారితో అన్నేళ్లు ఒకే ఆఫీసులో పనిచేసిన మనిషి, ఆమెతో మాట్లాడాలని ఆయనకూ ఉంటుంది.